ట్యాంకర్‌కి ఫోన్ కొట్టే ముందు సంపులో కట్టె దించండి

తిరుపతిలో శివరాత్రి దాటిందంటే చాలు, అవిలాల పక్క, కరకంబాడి రోడ్డు పక్క అపార్ట్‌మెంట్ల ముందర ట్యాంకర్లు కనబడతాయి. మాది కూడా ఆ పక్కే, పన్నెండు ఇండ్లు. ఒకసారి మీటింగ్‌లో ముగ్గురేమో ఇంకో బోరు వేద్దామన్నారు, ఇద్దరేమో ట్యాంకర్ నెలకి మాట్లాడేద్దామన్నారు, సరే అసలు రోజుకి మనకి ఎన్ని లీటర్లు కావాలబ్బా అంటే ఒక్కరూ నోరు మెదపలేదు. అందుకే ఇది రాస్తున్నా.

ముందు లెక్క. పట్టణాల్లో మనిషికి రోజుకి 135 లీటర్లు అని లెక్కేసి ప్లాన్ చేస్తారు. మాకు 48 మంది, అంటే 6,480 లీటర్లు. చుట్టాలొస్తే పెరుగుద్ది, బ్రహ్మోత్సవాలప్పుడు ఎవరింట్లో చుట్టాలుండరు చెప్పండి, కాబట్టి ఏడు వేలు అనుకోండి.

ఇప్పుడు ఎన్ని వస్తున్నాయో చూడాలి. దీనికి మీటర్ అక్కర్లేదు, ఒక పొడుగాటి వెదురు కట్టె, టేపు చాలు. కట్టె మీద అంగుళాలు గుర్తు పెట్టి, సుద్దముక్క రుద్ది సంపులో నిలువుగా దించితే తడి ఎక్కడిదాకా ఉందో తెలిసిపోద్ది. మా సంపు లోపల కొలత పది అడుగులకి ఆరు అడుగులు, అంటే అంగుళం ఎత్తుకి సుమారు 140 లీటర్లు (ఘనపుటడుగుకి 28.3 లీటర్లు, మీ సంపుకి మీరే గుణించుకోండి). మున్సిపల్ నీళ్లు వదిలేముందు ఒకసారి, ఆగినాక ఒకసారి, మోటర్ ఆపి పెట్టి కొలిచి టీటీడీ క్యాలెండర్‌లో ఆ తేదీ గడిలోనే రాసేయండి. నెల రాస్తే ఏ రోజు ఎంత తగ్గిందో కళ్ల ముందుంటది. వార్డు సచివాలయంలో నీళ్లు, డ్రైనేజీ చూసే ఎమినిటీస్ సెక్రటరీ దగ్గరికి పోయి "సార్ నీళ్లు రావట్లేదు" అంటే చూద్దాంలే అంటారు, ఈ గళ్లు చూపించి ఫలానా తేదీ నుంచి సగమే వస్తున్నాయి అంటే వాల్వ్ దగ్గరికి మనిషిని పంపుతారు. మా అనుభవం అదే.

ఇక అసలు సంగతి లీకు. రాత్రి పన్నెండు నుంచి నాలుగు దాకా ఎవరూ కొళాయి తిప్పొద్దని వాట్సాప్ గ్రూపులో పెట్టి, మిద్దె మీది ట్యాంకులో ఇదే కట్టెతో కొలిచాం. మా ట్యాంకు ఎనిమిదికి అయిదు అడుగులు, తెల్లారి నాలుక్కి అంగుళం దిగిపోయింది! అంగుళమే కదా అనుకోకండి, 94 లీటర్లు. రోజు మొత్తానికి 564, నెలకి దాదాపు 17 వేలు, అంటే అయిదు వేల లీటర్ల ట్యాంకర్లు మూడు పైన ఊరికే పోతున్నట్టు. ఎక్కడా అని వెతికితే గోడలు తడి లేవు, పైపులు బాగానే ఉన్నాయి. చివరికి ప్రతి ఇంట్లో ఫ్లష్ ట్యాంకులో బట్టలకేసే నీలిమందు నాలుగు చుక్కలేసి అరగంట ఫ్లష్ కొట్టకుండా చూస్తే రెండిండ్లలో కమోడ్‌లో నీలం దిగింది. లోపలి రబ్బరు వాషర్ అరిగిపోయింది, అంతే. దానికి మేం బోరు వెయ్యబోయాం.

బోరు మాటొచ్చింది కాబట్టి, నీళ్లు, భూమి, చెట్లు కాపాడటానికి తెచ్చిన వాల్టా చట్టం 2002 ప్రకారం పర్మిషన్ లేకుండా కొత్త బోరు వెయ్యకూడదు. పక్కోళ్లు వేశారు కదా అని మీరూ ఇంకా లోతుకి పోతే రేపు వాళ్లదీ ఎండుద్ది, మీదీ ఎండుద్ది.

ఊరికి నీళ్లు ఎక్కణ్ణించి వస్తాయో కూడా ఒక కన్నేసి ఉంచండి. కల్యాణి డ్యాం వాన పడితేనే నిండుద్ది. తెలుగుగంగ నీళ్లేమో శ్రీశైలం నుంచి సోమశిల, కండలేరు మీదగా రావాలి, చాలా దూరం. డిసెంబర్ ఆఖరుకి కల్యాణిలో, కండలేరులో ఎంతుందో పేపర్లో చూస్తే ఎండాకాలం ఎట్లుంటదో అప్పుడే ఒక అంచనాకి రావచ్చు.

మనకి వానలు గట్టిగా పడేది అక్టోబర్ నుంచి డిసెంబర్. 2021 నవంబర్‌లో ఊరు ఎట్లా మునిగిందో అందరం చూశాం కదా, మిద్దెల మీద పడ్డదంతా రోడ్డు మీదికే పోయింది. 200 చదరపు మీటర్ల మిద్దె మీద 20 మిల్లీమీటర్ల వాన పడితే 4,000 లీటర్లు, ఇంకిందీ చెదిరిందీ తీసేసినా మూడు వేలు పైనే. సెప్టెంబర్‌లోనే మిద్దె ఊడ్చి, మొదటి వాన మురికి బయటికి వదిలేసి, తర్వాతది ఇంకుడు గుంతకి తిప్పండి. గుంత సెప్టిక్ ట్యాంకుకి దూరంగా ఉండాలి, కంకర, ఇసక మధ్యలో వడకట్టకుండా బోరు పైపులోకి నేరుగా మాత్రం వదలొద్దు, మురికంతా తాగే నీళ్లలో కలుస్తుంది.

ఇంకోటి, సంపు కడగాలంటే మూత తీసి చాలాసేపు గాలాడనిచ్చి, పైన ఒకరు నిలబడి ఉంటేనే ఇంకొకరు దిగాలి, ఊపిరాడక పోయినోళ్లు ఉన్నారు. కట్టెతో కొలవడానికి మాత్రం దిగే పనే లేదు, మూత పక్కన కూర్చుంటే రెండు నిమిషాల పని, మా ఇంట్లో పిల్లోడే కొలిచి నాకు అంకె చెప్తాడు, మూత వెంటనే వేశాడో లేదో నేను పోయి చూసుకుంటా.