తారురోడ్డుకూ కాలిబాటకూ ఒకే బండి – 2వ పాఠం: ముందు బరువు, తర్వాతే మిగతావి

తారు మీదా మట్టి దారుల్లోనూ నడిచే ఒకే మోటారుసైకిలును ఎంచుకోవడం ఈ పాఠాల పని. మొదటి పాఠం చివర ఒక పని అప్పజెప్పాను. రెండు వారాలపాటు మీరు వెళ్లిన ప్రతి దారినీ నోటుబుక్కులో రాయమన్నాను: తారు ఎన్ని కిలోమీటర్లు, కంకర ఎన్ని, బురద, ఇసుక, రాళ్లు కలిపి ఎన్ని అని. రాసినవాళ్లు ఆ పేజీ తెరవండి. రాయనివాళ్లు గుర్తున్నంతలో ఇప్పుడే ఒక కాగితం మీద వేసుకోండి, ఉజ్జాయింపుగా ఉన్నా ఫర్వాలేదు. ఆ అంకెలు ముందు లేకపోతే బండిని ఫొటో చూసి కొనుక్కోవడమే అవుతుంది.

చాలామంది పేజీలో తారే ఎక్కువ ఉంటుంది. 100 కిలోమీటర్లలో 70 తారు, 25 కంకర, మిగిలిన 5 అసలు కష్టం. అది చూడగానే "నేను తిరిగేది ఎక్కువగా తారు మీదే కదా, దాని మీద సుఖంగా పోయే పెద్ద బండి తీసుకుంటే పోలా" అనిపిస్తుంది. నేనూ అలాగే అనుకుని తప్పు చేశాను. ఆ 70 కిలోమీటర్లలో చిన్న బండి మిమ్మల్ని కాస్త విసిగిస్తుంది. ఈ 5 కిలోమీటర్లలో పెద్ద బండి మిమ్మల్ని ముందుకు కదలనివ్వదు. అందుకని మీ పేజీలో అన్నిటికంటే చిన్న అంకె ఉన్న వరస చుట్టూ ఒక గీత గీయండి. బండిని ఆ వరసను బట్టే ఎంచుకుంటాం.

బరువు

నా మొదటి బండి పెట్రోలుతో కలిపి దాదాపు 200 కిలోలు. ఒక రోజు ఒంటరిగా కొండవాలు దారి ఎక్కుతున్నాను. వాననీళ్లు కోసేసిన గాడిలోకి ముందు చక్రం దిగింది, బండి కుడివైపు ఒరిగిపోయింది. లేపాను. పది గజాలు పోయానో లేదో మళ్లీ పడింది. రెండోసారి లేపేసరికి మోకాళ్లు వణుకుతున్నాయి, క్లచ్ పట్టే వేళ్లలో సత్తువ లేదు. మూడోసారి చక్రాలు వాలు పైవైపుకు, సీటు కిందివైపుకు వచ్చేలా పడింది. ట్యాంకు మూత దగ్గర నుంచి పెట్రోలు బొట్టుబొట్టుగా మట్టిలో ఇంకిపోతోంది. నేను హ్యాండిల్ పట్టుకుని ఎంత లాగినా బండి జానెడు కూడా లేవలేదు. చివరికి పక్కనున్న రాయి మీద కూలబడ్డాను. గంటన్నర తర్వాత అటుగా వచ్చిన ఇద్దరు చెయ్యి వేస్తే లేచింది.

ఆ బండిలో లోపమేమీ లేదు. తారు మీదా కంకర మీదా హాయిగా పోయేది. గీత గీసిన వరసకు మాత్రం అది పనికిరాలేదు. ఆ రోజు నుంచి ఎవరు అడిగినా నేను ముందు అడిగే ప్రశ్న ఒకటే: అలసిపోయాక, నాలుగోసారి పడినప్పుడు, ఒక్కరే ఉన్నప్పుడు ఈ బండిని లేపగలరా?

బరువు అంకె చదివేటప్పుడు ఒక జాగ్రత్త. కొన్ని కంపెనీలు డ్రై వెయిట్ వేస్తాయి. అంటే పెట్రోలు, ఆయిలు, కూలెంట్ (ఇంజన్‌ను చల్లబరిచే ద్రవం) లేకుండా, కొన్నిసార్లు బ్యాటరీ కూడా లేకుండా తూచిన బరువు. మనకు కావాల్సింది అన్నీ నింపి, ఎక్కి వెళ్లడానికి సిద్ధంగా ఉన్నప్పటి బరువు, అంటే కెర్బ్ వెయిట్. లీటరు పెట్రోలు ముప్పావు కిలో తూగుతుంది కాబట్టి 10 లీటర్ల ట్యాంకుకు ఏడున్నర కిలోలు కలుపుకోండి.

ఇప్పుడు కొన్ని బండ్లు చూద్దాం. కేటీఎం 350 ఈఎక్స్‌సీ-ఎఫ్ లాంటివి పోటీల కోసం పుట్టి, లైట్లు, నంబరు ప్లేటు తగిలించుకుని రోడ్డు మీదికి వచ్చినవి. పెట్రోలు లేకుండా 105 కిలోల దరిదాపుల్లో ఉంటాయి. ఎక్కితే గాలిలో తేలినట్టుంటుంది. కానీ వాటి ఆయిలు మార్పును కిలోమీటర్లలో కాకుండా ఇంజన్ నడిచిన గంటల్లో లెక్కపెడతారు. రోజూ పనికి వెళ్లి రావడానికి వాడితే నెలలో సగం రోజులు స్పానరు మీ చేతిలోనే ఉంటుంది. ఇష్టం ఉంటే తీసుకోండి, తెలియక మాత్రం తీసుకోకండి.

రెండో గుంపు హోండా సీఆర్‌ఎఫ్300ఎల్, కవాసాకీ కేఎల్‌ఎక్స్230, సుజుకీ డీఆర్-జెడ్400ఎస్, హీరో ఎక్స్‌పల్స్ 200 లాంటివి. పెట్రోలుతో కలిపి సుమారు 135 నుంచి 160 కిలోల మధ్య ఉంటాయి. ఆయిలు మార్పు వేల కిలోమీటర్లకోసారి. తారు, కంకర, కాలిబాట మూడూ ఉన్న పేజీకి నేను చెప్పేది ఈ గుంపే. తర్వాతవి సుజుకీ డీఆర్650ఎస్, హోండా ఎక్స్‌ఆర్650ఎల్. గాలికి చల్లబడే పెద్ద సింగిల్ సిలిండర్ ఇంజన్లు, మొండి బండ్లు. దూరాలు పోయేవాళ్లకు బాగుంటాయి. డీఆర్650ఎస్ పెట్రోలుతో 166 కిలోలు. అది దాటి 190, 200 కిలోల్లోకి వెళ్తే అడ్వెంచర్ బండ్లు. వాటి మీద కంకరరోడ్డు పెద్ద సుఖం. మీ చిన్న వరసలో బురద, గాడులు ఉంటే మాత్రం వాటి జోలికి వెళ్లకండి.

ఒకే బండి రెండు పనులూ చేయాలన్న కోరిక కొత్తదేం కాదు. 1968లో యమహా డీటీ-1 వచ్చింది. 250 సీసీ తరగతి టూ-స్ట్రోక్ ఇంజన్, తేలికపాటి ఒళ్లు. రోడ్డు మీద నడిపి, అదే బండితో మట్టిలోకి దిగేవారు. ఈ తరహా బండ్లకు గిరాకీ దానితోనే ఊపందుకుంది. ఇన్నేళ్లయినా ఆ కొలత మారలేదు, మట్టిలో నెగ్గేది తేలిక బండే.

అభ్యాసం 1. తెలిసినవాళ్ల బండి ఒకటి అడగండి, మీరు కొనాలనుకున్న బరువుకు దగ్గరగా ఉంటే చాలు. మెత్తటి గడ్డి మీద ఇద్దరు కలిసి దాన్ని మెల్లగా ఎడమవైపు పడుకోబెట్టండి. పడుకోబెట్టేముందే ఇంజన్ ఆపి, మొదటి గేరులో పెట్టండి, లేచాక దొర్లిపోదు. హ్యాండిల్‌ను పడ్డవైపుకు పూర్తిగా తిప్పితే కిందనున్న పిడి ట్యాంకు దగ్గరికి వస్తుంది. ఒక చెయ్యి పిడి మీద, రెండోది సీటు కింద ఫ్రేము మీద. గొంతుక్కూర్చుని, వీపు నిటారుగా ఉంచి తొడల బలంతో లేవండి. నడుముతో లాగితే మర్నాడు మంచం దిగలేరు. కుడివైపు పడితే లేపేముందే సైడ్ స్టాండ్ వేయండి, లేకపోతే లేచిన బండి అవతలి పక్కకు పడుతుంది.

ఇలా వరసగా నాలుగుసార్లు చేయండి. నాలుగోసారికి ఎలా ఉందో ఆ ఒక్క మాట నోటుబుక్కులో రాయండి.

నా బండి పడినట్టు చక్రాలు వాలు పైకి ఉంటే నేరుగా లేపబోకండి. ముందు చక్రం పట్టుకుని బండిని నేల మీదే తిప్పుతూ, చక్రాలు కిందివైపుకు వచ్చేదాకా ఈడ్చండి. అప్పుడు పైవైపు నుంచి లేపితే సగం దూరమే లేపాల్సి వస్తుంది. 140 కిలోల బండిని ఒక్కరే ఇలా తిప్పొచ్చు. 200 కిలోల బండితో నాకు సాధ్యం కాలేదు.

సీటు ఎత్తు

ఇక్కడ అందరికీ టెన్షన్. సీఆర్‌ఎఫ్300ఎల్ సీటు 880 మిల్లీమీటర్లు, డీఆర్-జెడ్400ఎస్ 935. అంకెలు చూసి "నా కాళ్లు అందవు" అని వదిలేసేవాళ్లు చాలామంది. ఆ అంకె ఖాళీ బండిది. మీరు కూర్చున్నాక బండి కిందికి దిగుతుంది. ఈ దిగడాన్ని శాగ్ అంటారు. సస్పెన్షన్ మొత్తం కదలికలో దాదాపు మూడోవంతు శాగ్ ఉండాలన్నది మామూలు లెక్క. 260 మిల్లీమీటర్ల కదలిక ఉన్న బండి 80, 85 దాకా దిగుతుంది. పైగా డర్ట్ బైక్ సీటు సన్నం, తొడలు విచ్చుకోవు. 800 మిల్లీమీటర్ల ఎత్తున్న వెడల్పాటి సీటు కంటే 880 ఎత్తున్న సన్న సీటు మీద పాదం బాగా ఆనిన సందర్భాలు నేను చూశాను.

రెండు పాదాలూ పూర్తిగా నేల మీద ఆనాలన్న పట్టు వదిలేయండి. ఆగేటప్పుడు పిరుదును సీటు అంచుకు జరిపి ఒక్క కాలు గట్టిగా మోపడం నేర్చుకుంటే చాలు. రాళ్ల దారిలో ఎటూ ఒక పక్క నేల పల్లంగానే ఉంటుంది, రెండు కాళ్లూ ఆనే చోటు అరుదు. ఏ పక్క కాలు మోపాలో ముందే చూసుకుని ఆగడం అక్కడ అసలు నేర్పు.

అభ్యాసం 2. ఇద్దరు సాయం కావాలి, ఒక టేపు కావాలి. వెనక చక్రం గాలిలో ఉండేలా బండిని ఎత్తి నిలబెట్టండి. వెనక ఇరుసు నుంచి నిటారుగా పైన ఫెండర్ మీద ఒక గుర్తు పెట్టి, ఆ దూరం కొలవండి. తర్వాత బండిని దించి, మీరు మట్టిలో వేసుకునే బూట్లు, హెల్మెట్, వీపు సంచీతో సహా ఎక్కి, ఫుట్‌పెగ్‌ల మీద కాళ్లుంచి కూర్చోండి. ఒకరు బండిని నిలబెడితే ఇంకొకరు అదే దూరం మళ్లీ కొలుస్తారు. మొదటి అంకెలోంచి రెండోది తీసేస్తే మీ శాగ్. 260 కదలికకు 110 వచ్చిందంటే స్ప్రింగు మీ బరువుకు మెత్తన. ప్రీలోడ్, అంటే స్ప్రింగును ముందే ఎంత నొక్కి ఉంచాలన్న సర్దుబాటు, బిగించి చూడండి. బిగించినా తగ్గకపోతే స్ప్రింగు మార్చుకోవాలి. ఆ ఖర్చును బండి ఖర్చులోనే కలుపుకోండి.

పొట్టివాళ్లకు లోయరింగ్ లింకు (బండి వెనక భాగాన్ని కిందికి దించే ముక్క) వేసుకోమనే సలహా తరచూ వినిపిస్తుంది. నేను చివరి మార్గంగానే చెబుతాను. వెనక దించితే నేలకూ ఇంజన్‌కూ మధ్య దూరం తగ్గి, రాళ్లు కింద తగులుతాయి. ముందు ఫోర్కును కూడా ఆ మేరకు దించకపోతే హ్యాండిల్ బద్ధకంగా తిరుగుతుంది. సైడ్ స్టాండ్ పొడవైపోయి బండి నిటారుగా నిలబడి, చిన్న గాలికే పడుతుంది. ముందు సీటు స్పాంజి కొంత కోయించి చూడండి. ఒక అంగుళం తగ్గితే చాలామందికి సరిపోతుంది.

గేర్లు, ట్యాంకు

హార్స్ పవర్ గురించి నేను ఎక్కువ చెప్పను. కాలిబాట మీద 25 హార్స్ పవర్ కూడా ఎక్కువే అనిపిస్తుంది. చూడాల్సింది మొదటి గేరు ఎంత నెమ్మదిగా పోతుంది, చివరి గేరులో తారు మీద 90 వేగంతో పోతుంటే ఇంజన్ ఎంత గింజుకుంటుంది అన్న రెండు సంగతులు. డీఆర్-జెడ్400ఎస్ ఎంత మంచి బండైనా దానికున్నవి ఐదు గేర్లే. మట్టికి సరిచేస్తే తారు మీద హోరు, తారుకు సరిచేస్తే మట్టిలో క్లచ్ నొక్కుతూనే ఉండాలి. ఆరు గేర్ల బండికి ఈ బాధ తక్కువ.

స్ప్రాకెట్ (గొలుసు తిరిగే పళ్ల చక్రం) మార్చి కొంత సర్దుకోవచ్చు. ముందు 14 పళ్లు, వెనక 40 పళ్లు ఉన్నాయనుకుందాం. 40ని 14తో భాగిస్తే 2.86. ముందు 13 వేస్తే 3.08. ఆ ఒక్క పన్ను వెనక మూడు పళ్లు పెంచినదానికి సమానం. మట్టిలో బండి మెత్తగా పాకుతుంది. 90 వేగం ఇచ్చిన ఇంజన్ చప్పుడుకే ఇప్పుడు 84 దగ్గర ఉంటారు.

సీఆర్‌ఎఫ్300ఎల్ ట్యాంకు 7.8 లీటర్లు. తారు మీద లీటరుకు 30 వస్తే 234 కిలోమీటర్లు. ఇసుకలో, రెండో గేరులో అది 20కి పడితే 156. మీ నోటుబుక్కులో అన్నిటికంటే పొడవైన రోజు చూసి, రెండో అంకెతోనే పోల్చుకోండి.

టైర్లు, కాగితాలు

ముందు 21, వెనక 18 అంగుళాల చక్రాలున్న బండినే చూడండి. పెద్ద ముందు చక్రం గుంటలో కూలబడదు, రాయిని ఎక్కేస్తుంది. ఆ కొలతల్లో గడ్డల టైర్లూ సులువుగా దొరుకుతాయి. ఒక హెచ్చరిక: కొన్ని గడ్డల టైర్ల పక్కన "నాట్ ఫర్ హైవే సర్వీస్" అని అచ్చువేసి ఉంటుంది. అవి రోడ్డు కోసం చేసినవి కావు, తడి తారు మీద బ్రేకు వేస్తే జారతాయి. కొనేముందు కిందికి వంగి ఆ అక్షరాలు చదవండి.

ఏబీఎస్ (బ్రేకు వేసినప్పుడు చక్రం పట్టేయకుండా చూసే ఏర్పాటు) ఉంటే దాన్ని వెనక చక్రానికి ఆపుకునే స్విచ్ ఉందో లేదో అడగండి. వదులు కంకర మీద దిగుడులో వెనక చక్రం కాస్త పట్టుకుని ఈడ్చుకుంటేనే బండి ఆగుతుంది.

కాగితాల సంగతి మొదటి పాఠంలో వివరంగా చెప్పాను, ఒక్క ముక్కే మళ్లీ చెబుతాను. హెడ్‌లైట్, హారన్, అద్దాలు, ఇండికేటర్లు తగిలించినంత మాత్రాన పోటీ బండి రోడ్డు బండి కాదు. రిజిస్ట్రేషన్ కాగితంలో రోడ్డు వాహనమని ఉండాలి, అందులోని ఛాసిస్ నంబరు ఫ్రేము మెడ మీద కొట్టిన నంబరుతో అక్షరం అక్షరం కలవాలి. కలవకపోతే బండి ఎంత నచ్చినా అక్కడి నుంచి వచ్చేయండి.

వచ్చే పాఠానికి పని

వచ్చే పాఠంలో వాడిన బండిని పరీక్షించడం నేర్చుకుంటాం. ఎయిర్ ఫిల్టర్ వెనక ధూళి, ఫోర్కు సీళ్లు, ఊచల శబ్దం, స్వింగ్ ఆర్మ్ ఆట, చల్లటి ఇంజన్ స్టార్ట్ చేయడం. దానికి ముందు నోటుబుక్కులో కొత్త పేజీ తీసి మూడు బండ్ల పేర్లు రాయండి. ఒక్కోదాని పక్కన అన్నీ నింపిన బరువు, సీటు ఎత్తు, సస్పెన్షన్ కదలిక, గేర్లు, ట్యాంకు అంకెలు వేయండి. రెండు అభ్యాసాల్లో మీకు వచ్చిన ఫలితాలను అదే పేజీ పైభాగాన రాయండి. తర్వాత గీత గీసిన ఆ చిన్న వరసను మళ్లీ చదివి, మూడింటిలో ఒకదాన్ని కొట్టేయండి. మిగిలిన రెండు పేర్లతో మూడో పాఠానికి రండి.