ఏడాదిలో మీకు నచ్చిన సింగిల్స్ జాబితా ఎలా తయారు చేసుకోవాలి?

డిసెంబరు వచ్చిందంటే మా ఆఫీసు వాట్సాప్ గ్రూపు నిండా రంగురంగుల స్క్రీన్‌షాట్లే. ఈ ఏడాది మీరు ఎక్కువగా విన్న పాటలివీ అని యాప్ లెక్క తీసి ఇస్తుంది, అందరూ దాన్నే స్టేటస్‌గా పెట్టుకుంటారు. కానీ ఎక్కువసార్లు మోగిన పాట వేరు, మనసుకు పట్టిన పాట వేరు. ఒక ఏడాది నా లెక్కలో మొదట నిలిచింది మా అక్క కొడుకు అన్నం తినడానికి నా ఫోన్‌లో పెట్టించుకున్న పిల్లల పాట. ఆ ఏడాదంతా నన్ను వెంటాడిన పాట ఎక్కడో పదకొండో స్థానంలో ఉంది. అందుకే నా జాబితా నేనే చేత్తో రాసుకుంటాను. పద్ధతి కష్టమేమీ కాదు, కాకపోతే జనవరిలోనే మొదలుపెట్టాలి.

మొదట ఒక చిన్న నోటుబుక్కు

ఫోన్‌లో రాసుకున్నా ఫరవాలేదు. కొత్త పాట విని ఒక్క క్షణం ఆగిపోయారనుకోండి, అప్పుడే రాసేయాలి. పాట పేరు ఒక్కటే రాస్తే నవంబరు నాటికి అది ఎందుకు రాశామో గుర్తుండదు. తేదీ, చోటు, పాటలో ఏ దగ్గర మీరు ఆగిపోయారో కూడా ఉండాలి. నా పుస్తకంలో ఒక పేజీ ఇలా ఉంది: "మార్చి 9. నాగోల్ నుంచి రాయదుర్గం మెట్రో. బేగంపేట దాటాక. రెండో చరణంలో తబలా ఆగిపోయి గొంతొక్కటే మిగిలింది. అమీర్‌పేటలో దిగాను గానీ పాట అయ్యేదాకా ఎస్కలేటర్ దగ్గరే నిలబడ్డాను." ఆ నాలుగు ముక్కలు చదివితే ఇప్పటికీ ఆ తబలా ఆగిన చోటు చెవిలో వినిపిస్తుంది.

ఇలా రాయకపోతే ఏమవుతుందంటే, జాబితా నిండా అక్టోబరు, నవంబరు పాటలే చేరతాయి. ఫిబ్రవరిలో మనల్ని కదిలించినవి మరుగున పడిపోతాయి.

సింగిల్ అంటే ఏదో తేల్చుకోవాలి

బయటి దేశాల్లో సింగిల్ అంటే గాయకులు ఆల్బమ్‌కు ముందో, ఆల్బమ్ లేకుండానో విడిగా వదిలే పాట. మన దగ్గర "ఫస్ట్ సింగిల్" అంటే సినిమాకు ముందు వచ్చే మొదటి లిరికల్ వీడియో. నా నియమం ఒకటే: పాట తనకంటూ ఒక రోజున ఒంటరిగా బయటికి వచ్చి ఉండాలి. ప్రోమో లెక్కలోకి రాదు. జ్యూక్‌బాక్స్‌లో మిగతా పాటలతో కలిసి వచ్చిందయితే దానికి ఇంకో జాబితా ఉంది.

ఇక్కడ ఒక మాట గట్టిగా చెప్పాలి. సినిమా పాటల దగ్గరే ఆగిపోకండి. 2023లో కాలభైరవతో కలిసి ఆస్కార్ వేదిక మీద "నాటు నాటు" పాడిన రాహుల్ సిప్లిగంజ్ మన పాతబస్తీ కుర్రాడు. యూట్యూబ్‌లో సొంతంగా వదిలిన పాటలతో అంతకు ఎన్నో ఏళ్ల ముందే ఇక్కడి గల్లీలకు తెలిసినవాడు. 2021లో మోహన భోగరాజు పాడిన "బుల్లెట్టు బండి"కి సినిమా లేదు, హీరో లేడు. ఆ ఆగస్టులో ఒక పెళ్లికూతురు బరాత్‌లో ఆ పాటకు ఆడిన వీడియో ఊరూరా తిరిగింది. ఆ తర్వాత డీజే బండి వచ్చిన ప్రతి పెళ్లిలో అదే పాట. ఇలాంటివి మీ జాబితాలో కనీసం రెండయినా లేకపోతే ఇంకాస్త వెతకాలి.

ఏ ఏడాది పాట?

ఎక్కువ తగువులు వచ్చేది ఇక్కడే. "నాటు నాటు" లిరికల్ వచ్చింది 2021 నవంబరులో. సినిమా 2022 మార్చిలో. ఆస్కార్ 2023 మార్చిలో. మరి దాన్ని ఏ ఏడాదిలో వేస్తారు? సంక్రాంతి సినిమాలతో ఈ చిక్కు ప్రతిసారీ ఉంటుంది. "సామజవరగమన" 2019 సెప్టెంబరులోనే వచ్చేసింది, దాని సినిమా "అల వైకుంఠపురములో" 2020 సంక్రాంతికి. "కుర్చీ మడతపెట్టి" 2023 డిసెంబరు ఆఖర్లో వచ్చింది, జనం చిందేసింది 2024లో. క్యాలెండర్ పట్టుకు కూర్చుంటే ఆఖరి వారంలో వచ్చిన పాటకు అన్యాయం జరుగుతుంది.

నేను డిసెంబరు 1 నుంచి నవంబరు 30 వరకు ఒక ఏడాదిగా తీసుకుంటాను. పాట బయటికి వచ్చిన తేదీయే లెక్క, సినిమా తేదీ కాదు. దానికి తోడు పది పాటల జాబితాలో ఒక చోటు ఆలస్యంగా చేరిన పాట కోసం ఖాళీగా ఉంచుతాను. గ్లాస్ ఆనిమల్స్ అనే ఇంగ్లీషు బ్యాండ్ వాళ్ల "హీట్ వేవ్స్" 2020 జూన్‌లో వచ్చి, అమెరికా పాటల చార్టు బిల్‌బోర్డ్ హాట్ 100లో తన 59వ వారంలో, 2022 మార్చిలో మొదటి స్థానానికి చేరింది. చార్టుకే అంత సమయం పట్టినప్పుడు, మన చెవికి ఒక ఏడాది పట్టిందని పాటను వదిలేయడం న్యాయం కాదు.

నవంబరులో మళ్లీ వినాలి

పుస్తకంలోంచి ముప్పై, నలభై పాటలు తీయండి. వీడియో చూడకుండా వినండి. సెట్టింగులు, స్టెప్పులు, హీరో నవ్వు తీసేస్తే ఎంత పాట మిగులుతుందో అప్పుడు తెలుస్తుంది. స్పాటిఫైలో ఒక పాట 30 సెకన్లు ఆడితే ఒక స్ట్రీమ్ కింద లెక్క. మీరు మాత్రం చివరి దాకా వినండి, చాలా పాటల్లో అసలు సరుకు రెండో చరణంలోనే ఉంటుంది. ఒకసారి ఇయర్‌ఫోన్స్‌తో, ఒకసారి వంటింట్లో ఫోన్ స్పీకర్ మీద. కుక్కర్ విజిల్ మధ్యలో కూడా నిలబడే పాట గట్టి పాట. మనకు రాని భాషలో పాట అయితే సాహిత్యం అర్థం ఒక్కసారి చదువుకుని వినాలి.

పదికి కుదించడం

అమెరికాలో విలేజ్ వాయిస్ పత్రిక "పాజ్ అండ్ జాప్" అని విమర్శకుల ఓటింగ్ నడిపేది. ఆల్బమ్‌లకు ఒక్కొక్కరి చేతిలో 100 పాయింట్లు. పది ఆల్బమ్‌లకు పంచాలి, దేనికీ 30 దాటకూడదు, 5కు తగ్గకూడదు. సింగిల్స్‌కు మాత్రం పది పేర్లు రాస్తే చాలు. నేను ఆ 100 పాయింట్ల లెక్కను పాటలకు వాడుకుంటున్నాను. వరస సంఖ్యలు ఇస్తే మొదటిదానికీ రెండోదానికీ మధ్య ఎంత దూరముందో కనబడదు. పాయింట్లు పంచితే దాచుకోలేం. ఒకసారి నా పంపకం ఇలా వచ్చింది: 24, 18, 13, 10, 8, 7, మిగతా నాలుగింటికి తలా 5. ఆ 24 రాసేముందు రెండు రోజులు ఆలోచించాను.

రెండు పాటల మధ్య ఎటూ తేలకపోతే రెండూ ఆపేసి స్నానానికి వెళ్లండి. నోట్లోకి ఏది వస్తే అది పైన.

ఒక్కో పాటకు రెండు వాక్యాలు

"సూపర్", "అదిరిపోయింది" అని రాయొద్దు. ఎన్నో సెకనులో ఏమవుతుందో రాయండి: ఇక్కడ కోరస్ ఆగింది, ఇక్కడ గొంతు కొద్దిగా వణికింది అని. పాడినవాళ్ల పేరు, స్వరకర్త పేరు, రాసినవాళ్ల పేరు మూడూ ఉండాలి. రాసినవాళ్ల పేరు చాలాసార్లు వీడియో కింద వివరాల్లో ఎక్కడో ఉంటుంది, వెతికి మరీ రాయండి. "నాటు నాటు"కు ఆస్కార్ అందుకున్నది కీరవాణి, చంద్రబోస్, అంటే బాణీ కట్టినాయన, మాట కట్టినాయన. మన జాబితాల్లో మాత్రం మాట కట్టినవాళ్లే ముందు జారిపోతారు. నాకు అది చాలా బాధగా ఉంటుంది.

ప్లేలిస్టుగా పేర్చి దాచుకోవాలి

పాయింట్ల వరసలో పేర్చకండి. హోరు పాట పక్కన నెమ్మది పాట, తెలుగు పక్కన ఇంగ్లీషు, వినడానికి ఏది బాగుంటే అలా. పది పాటలు కలిపి నలభై నిమిషాల లోపే వస్తాయి, ఆఫీసుకు వెళ్లే దారికి సరిపోతాయి. ప్లేలిస్టుకు ఏడాది పేరే పెట్టి, నచ్చే నలుగురికి పంపండి. ఆ తర్వాత అందులో చెయ్యి పెట్టొద్దు. నా 2016 జాబితాలో ఇప్పుడు నాకు నచ్చని పాటలు మూడున్నాయి. వాటి పక్కన రాసుకున్న తేదీలు, చోట్లు అలాగే ఉన్నాయి గనక వాటిని తీయలేదు.