జీవిత చరిత్ర రాద్దాం – 4వ పాఠం: మలుపు పట్టుకోవడం

పోయిన పాఠంలో తేదీల పట్టిక తయారు చేశాం. దాన్నే వాక్యాలుగా మార్చుకుంటూ పోతే బయోడేటా అవుతుంది, కథ నడవదు. ఈసారి జర్మనీలోని హాంబర్గ్ న్యాయశాస్త్రవేత్త గాబ్రియేల్ రీసర్ పట్టిక చూద్దాం.

1806లో హాంబర్గ్‌లో ఒక యూదు కుటుంబంలో పుట్టుక. 1826లో హైడెల్‌బర్గ్‌లో న్యాయశాస్త్ర డాక్టరేట్. 1840లో నోటరీ. 1848లో ఫ్రాంక్‌ఫర్ట్ జాతీయ సభలో (జర్మన్ రాజ్యాలన్నిటికీ కలిపి ఎన్నికైన పార్లమెంటు) సభ్యుడు, తర్వాత ఉపాధ్యక్షుడు. 1859లో హాంబర్గ్ శాసనసభ. 1860లో అక్కడి పై కోర్టులో జడ్జి, జర్మనీలో తొలి యూదు జడ్జి. 1863లో మరణం.

ఎక్కడ మొదలుపెడతారు? 'తొలి' అనే మాట కనబడగానే చాలామంది 1860 దగ్గర వాలిపోతారు. నేనైతే 1826కీ 1840కీ మధ్య ఖాళీ చూస్తాను. డాక్టరేట్ ఉన్న మనిషి నోటరీ కావడానికి 14 ఏళ్లెందుకు పట్టింది? యూదుడికి హాంబర్గ్‌లో పౌరసత్వం లేదు, అది లేనిదే లాయరు కాలేడు. హైడెల్‌బర్గ్‌లో పాఠాలు చెబుతానన్నా ఒప్పుకోలేదు. బాప్తిస్మం పుచ్చుకుంటే దారి సుగమం. కవి హైన్రిష్ హైన 1825లో ఆ పనే చేశాడు. రీసర్ చేయలేదు. హక్కు కోసం మతం మార్చుకోమనడమే అన్యాయమని 1831లో కరపత్రం రాశాడు, మరుసటి ఏడు 'యూదుడు' అనే పేరుతోనే పత్రిక పెట్టాడు. మలుపంటే ఇదీ: సులువైన దారి ఎదురుగా ఉండగా మనిషి కాదన్న చోటు.

మలుపు దొరికాక ఒక్క సన్నివేశాన్ని దగ్గర్నుంచి చూపించండి. 1848 ఆగస్టు 29, ఫ్రాంక్‌ఫర్ట్ సెయింట్ పాల్ చర్చిలో జాతీయ సభ సమావేశం. యూదులకు విడిగా చట్టాలుండాలని మోరిట్స్ మోల్ అనే సభ్యుడు ప్రతిపాదించాడు. రీసర్ వెంటనే లేచాడు. మొన్నమొన్నటిదాకా సొంతగడ్డ మీద తనకు నైట్ వాచ్‌మన్ ఉద్యోగం కూడా దొరికేది కాదన్నాడు. ప్రతిపాదన వీగిపోయింది. ఇక్కడ 'మహానుభావుడు', 'ధీరోదాత్తుడు' అని తగిలించాలని చెయ్యి దురద పెడుతుంది (మనవాళ్లకు అదో జబ్బు). ఆపుకోండి, వాచ్‌మన్ మాట చాలు.

అభ్యాసం: మీ పట్టికలో అన్నిటికంటే పొడవైన ఖాళీ వెతకండి. ఆ ఏళ్లలో ఆ మనిషి దేనికి ఒప్పుకోలేదో ఎనిమిది వాక్యాల్లో, ఒక్క పొగడ్త కూడా లేకుండా రాయండి. వచ్చే పాఠంలో ఉత్తరాలను సాక్ష్యంగా వాడటం చూద్దాం.