పాత సైనిక శిబిరం పటాలను వెతికి, నేటి నేలతో సరిపోల్చడం ఎలా?

ఒకప్పటి సైనిక స్థావరం పటం కావాలనుకునేవారు సాధారణంగా ఇంటర్నెట్‌లో ఊరి పేరు వెతికి, మొదట కనిపించిన పాత పటాన్ని దించుకుని, దాని మీద నేటి వీధుల పేర్లు రాసేస్తారు. ఇలాంటి తప్పు పటాలు సికింద్రాబాద్ విషయంలో తరచూ కనిపిస్తున్నందున, 1857 తిరుగుబాటు తర్వాత బ్రిటిష్ వారు కందకం, బురుజులతో కట్టుకున్న తిరుమలగిరి శిబిరాన్నే ఉదాహరణగా తీసుకుంటాను.

పటం కంటే ముందు కాలం తేల్చుకోవాలి. కంటోన్మెంటుకు నిజాం సికిందర్ జా పేరు పెట్టింది 1806లో. తిరుమలగిరి కందకం అప్పటికి లేదు కాబట్టి, 1857కు ముందటి పటంలో దాన్ని వెతకడం వృథా. రైలు మార్గం 1874లో వచ్చింది. పట్టాలు లేని పటం అంతకుముందు సర్వే చేసినదై ఉంటుంది. పటం కాగితం (షీటు) అంచున ముద్రణ సంవత్సరంతో పాటు సర్వే జరిగిన సంవత్సరం కూడా ఉంటుంది. పనికొచ్చేది రెండోదే.

తర్వాత, వెతికే చోటు. నిజాం రాజ్యంలోని ఊరు గనుక పటాలన్నీ తార్నాకలోని రాష్ట్ర ఆర్కైవ్స్‌లోనే దొరుకుతాయని అనుకోకూడదు. కంటోన్మెంటు పాలన బ్రిటిష్ సైన్యం చేతిలో ఉండేది కాబట్టి, ముందు లండన్‌లోని బ్రిటిష్ లైబ్రరీలో ఉన్న ఇండియా ఆఫీసు (భారతదేశ పాలన చూసిన బ్రిటిష్ ప్రభుత్వ శాఖ) రికార్డుల జాబితాను, ఢిల్లీలోని జాతీయ ఆర్కైవ్స్‌లో ఉన్న హైదరాబాద్ రెసిడెన్సీ (నిజాం దగ్గరి బ్రిటిష్ ప్రతినిధి కార్యాలయం) రికార్డులను చూడాలి. జాతీయ ఆర్కైవ్స్ జాబితాను అభిలేఖ్ పటల్ పోర్టల్‌లో ఇంటి నుంచే చూడవచ్చు. పేరును ‘ట్రిమల్‌ఘెర్రీ’ అన్న పాత ఇంగ్లీషు వర్ణక్రమంతో కూడా వెతకాలి.

సర్వే ఆఫ్ ఇండియా వారి అంగుళానికి మైలు షీట్లు (కాగితం మీద అంగుళం అంటే నేల మీద మైలు) కావాలంటే ఊరి పేరుతో కాక షీటు నంబరుతో అడగాలి. సికింద్రాబాద్ సరిగ్గా షీట్ల అంచున పడింది: తిరుమలగిరి 56కె/11లో ఉంటే, బొల్లారం దాని పైనున్న 56కె/10లోకి పోతుంది, పడమటి భాగాలు 56కె/6, 56కె/7లోకి వెళతాయి. ఒక్క షీటు తెచ్చుకుని సగం కంటోన్మెంటు మాయమైందని వాపోయేవారు ఈ నాలుగూ కలిపి చూసుకోవాలి. ఫోనుతో తీసిన ఫోటో పనికిరాదు. సమతలంగా స్కాన్ చేసిన ప్రతి మాత్రమే తీసుకోవాలి.

అసలు కష్టం, పాత పటాన్ని నేటి పటం మీద కూర్చోబెట్టడంలో ఉంది. పటాలతో పనిచేసే క్యూజీఐఎస్ వంటి ఉచిత సాఫ్ట్‌వేర్‌లో పటం తెరవగానే దాని మూలల్లో ఉన్న అక్షాంశ రేఖాంశాలను ఎక్కించి పని అయిపోయిందనుకోవడం చాలామంది చేసే తప్పు. పందొమ్మిదో శతాబ్దపు షీట్లలో రేఖాంశాలను మద్రాసు అబ్జర్వేటరీ ఆధారంగా లెక్కించేవారు. ఆ అబ్జర్వేటరీ రేఖాంశాన్నే తర్వాత సవరించారు. ఆ సవరణ సుమారు రెండున్నర నిమిషాలు. ఈ ప్రాంతంలో ఒక్క నిమిషమే దాదాపు 1,770 మీటర్లు కాబట్టి, మూలల అంకెలను నమ్మితే శిబిరం మొత్తం నాలుగు కిలోమీటర్లకు పైగా తూర్పుకు జరిగిపోతుంది.

అందువల్ల అంకెలను పక్కన పెట్టి, పాత పటంలోనూ నేటి పటంలోనూ కనిపించే, కదలని చోట్లను గుర్తులుగా తీసుకోవాలి. సికింద్రాబాద్ సెయింట్ జాన్స్ చర్చి (1813), బొల్లారం హోలీ ట్రినిటీ చర్చి (1847), తిరుమలగిరి ఆల్ సెయింట్స్ చర్చి (1860), మౌలాలి గుట్ట శిఖరం, హుస్సేన్‌సాగర్ కట్ట చివరలు ఇందుకు తగినవి. పటం కాలానికి ఆ కట్టడం ఉందో లేదో ముందే చూసుకోవాలి. రోడ్ల కూడళ్లను, చెరువుల నీటి అంచులను ఎన్నడూ తీసుకోకూడదు, ఎందుకంటే రోడ్లు వెడల్పు అవుతూ జరుగుతాయి, నీటి అంచు ఏటికేడాది మారుతుంది. గుర్తులు ఆరుకు తగ్గకూడదు. అవి పటం నలుమూలలా ఉండాలి తప్ప మధ్యలో గుంపుగా ఉండకూడదు.

ఇక్కడ ఇంకో ఉచ్చు ఉంది. పటాన్ని రబ్బరులా సాగదీసే ‘థిన్ ప్లేట్ స్ప్లైన్’ పద్ధతిని ఎంచుకుంటే ప్రతి గుర్తూ అచ్చంగా సరిపోయినట్టు, తేడా సున్నా అని కనిపిస్తుంది. అది పటం మంచిదని కాదు, తప్పును గుర్తుల మధ్యనున్న జాగాలోకి తోసేశారని అర్థం. మొదట, పటమంతటినీ ఒకే తీరున జరిపి, తిప్పే సాదా ‘పాలినోమియల్ 1’ పద్ధతినే వాడి, ఒక్కో గుర్తు దగ్గర ఎంత తేడా వస్తోందో చదవాలి. అంగుళానికి మైలు స్కేలులో కాగితం మీద ఒక మిల్లీమీటరు అంటే నేల మీద 63 మీటర్లు, కనుక అంతలోపు తేడాను సహించవచ్చు. ఒక్క గుర్తు దగ్గరే 300 మీటర్లు వస్తే ఆ గుర్తు తప్పుగా పెట్టారన్నమాట. అన్నిచోట్లా వస్తే కాగితం సాగిందో, కుదించుకుపోయిందో, అతికించిన మడతలు జరిగాయో చూడాలి. సరిదిద్దకుండా ముందుకు వెళ్లకూడదు.

కుదిరాక కందకం గీతను వేరే పొరలో గీసుకుని, ఉపగ్రహ చిత్రంతో పోల్చండి. అక్కడి భూమిలో కొంత ఇప్పటికీ సైన్యం అధీనంలోనే ఉంది కాబట్టి, రోడ్డు మీది నుంచి చూడటంతో సరిపెట్టుకుని, కెమెరాను సంచిలోనే ఉంచాలి. చివరగా ఫైలు పేరులో షీటు నంబరు, సర్వే సంవత్సరం, తీసుకున్న ఆర్కైవ్స్ పేరు రాసి దాచండి.