పైప్‌లైన్‌కి కాపలా, 4వ పాఠం: అంకె సరే, ఎప్పటిది?

ఈసారి కాఫ్కా లాగ్ (డేటాను వచ్చిన వరసలో రాసుకునే పద్ధతి) చెబుదామనుకున్నాను గానీ, అది పక్కన పెట్టేస్తున్నాను. పోయిన పాఠం చూసి ప్రోమెథియస్ (ప్రోగ్రాముల నుంచి అంకెలు తీసుకుని దాచే టూల్), వాటిని గ్రాఫులుగా చూపే గ్రాఫానా పెట్టుకున్నవాళ్ళలో చాలామంది ఒకటే మాట రాశారు: "రాత్రి జాబ్ ఆగిపోయి రెండు రోజులైందండి, గ్రాఫానాలో మాత్రం అంతా పచ్చగానే ఉంది." భీమవరం, పాలకొల్లు, అమలాపురం, ఊరేదైనా తంటా ఇదే. ముందు దీని సంగతి చూద్దాం.

గ్రాఫ్ అసలు ఖాళీగా వస్తోంది అన్నవాళ్ళకి ఒక్క ముక్క. మీరు మార్చకపోతే ప్రోమెథియస్ నిమిషానికోసారి అంకెలు తీసుకుంటుంది. అంకె ఎంత వేగంగా పెరుగుతోందో చెప్పే రేట్ ఫంక్షన్‌కి కనీసం రెండు శాంపిళ్ళు కావాలి. నిమిషం విండో ఇస్తే రెండోది ఎక్కడినుంచి వస్తుంది? నేనైతే కళ్ళు మూసుకుని ఐదు నిమిషాలు ఇస్తాను.

మన ఉదాహరణలో రెండు పనులున్నాయి కదా. రొయ్యల చెరువుల సెన్సర్ల నుంచి రీడింగులు తెచ్చే కలెక్టర్ రోజంతా నడుస్తూనే ఉంటుంది, ప్రోమెథియస్ తనే వచ్చి దాని దగ్గర అంకెలు తీసుకుపోతుంది, అది చచ్చిపోతే అప్ అనే మెట్రిక్ (ప్రోమెథియస్ రాసుకునే అంకె) సున్నా అవుతుంది. దాంతో గొడవ లేదు. రెండోది, రాత్రి రెండింటికి క్రాన్‌లో (టైముకి జాబుల్ని లేపేది) లేచి మేత లెక్కలు పోస్ట్‌గ్రెస్ డేటాబేస్‌లోకి ఎక్కించే జాబ్. పట్టుమని పది నిమిషాలు ఉండదు, కాబట్టి దాని అంకెల్ని పుష్‌గేట్‌వేలోకి (ప్రోమెథియస్ వచ్చేదాకా అంకెల్ని పట్టి ఉంచేది) నెట్టమన్నాను.

తంటా అంతా అక్కడే. పుష్‌గేట్‌వేకి మరుపు లేదు. చివరిసారి నెట్టిన అంకె మీరు చెరిపేదాకా అలాగే ఉంటుంది, ప్రోమెథియస్ ప్రతి నిమిషం వచ్చి దాన్నే కొత్త టైముతో రాసుకుంటుంది. సోమవారం 4,180 వరసలు ఎక్కాయి, మంగళవారం జాబ్ లేవలేదు, బుధవారమూ లేవలేదు, గ్రాఫ్ మాత్రం 4,180 దగ్గర గీత గీసినట్టు పోతూనే ఉంటుంది. అప్ కూడా 1 అనే చూపిస్తుంది, ఎందుకంటే అది పుష్‌గేట్‌వే బతికుందని చెబుతోంది, మీ జాబ్ గురించి కాదు.

వరదల్లో లంక ఊళ్ళవాళ్ళని చూడండి. ధవళేశ్వరం దగ్గర 11.75 అడుగులకి మొదటి ప్రమాద హెచ్చరిక, 13.75కి రెండోది, 17.75కి మూడోది. పన్నెండు అడుగులుందని ఎవరైనా చెప్తే, "ఎన్ని గంటలప్పటిది?" అని అడిగాకే మిగతా మాట. మీ అలర్ట్ కూడా అదే అడగాలి.

కాబట్టి జాబ్ చివర్లో, పోస్ట్‌గ్రెస్‌లో కమిట్ అయ్యాక (వరసలు ఖాయంగా రాసేశాక) మాత్రమే, ఆ క్షణపు టైమును సెకన్లలో ఒక మెట్రిక్‌గా నెట్టండి. పేరు లాస్ట్ సక్సెస్ అని పెట్టుకోండి. ఇప్పటి టైములోంచి దాన్ని తీసేస్తే 93,600 దాటిందా, అలర్ట్. అంటే 26 గంటలు, రోజుకి పైన రెండు గంటలు కరెంటు కోతల కోసం. టైములో ఐదున్నర గంటలు మాత్రం కలపకండి, రెండు వైపులా యూటీసీనే (మన టైముకి ఐదున్నర గంటలు వెనక ఉండేది). కలిపితే అలర్ట్ కూడా ఐదున్నర గంటలు ఆలస్యంగానే మోగుతుంది.

"పుష్ టైమ్ సెకండ్స్ అని పుష్‌గేట్‌వే తనే ఇస్తుంది కదా, మళ్ళీ ఇదెందుకు?" అంటారు. అది చివరిసారి ఎప్పుడు నెట్టారో చెబుతుంది, పని అయిందో లేదో చెప్పదు. జాబ్ మధ్యలో పడిపోయినా, ఎలా ముగిసినా నడిచే ఫైనల్లీ బ్లాకులోంచి నెట్టేవాళ్ళకి ఆ టైము ముందుకి జరుగుతూనే ఉంటుంది. ఇంకో మెలిక కూడా ఉంది, నాకు ఒళ్ళు మండేది దీంతోనే. పైథాన్‌లో పుష్ టు గేట్‌వే అని పిలిస్తే వెళ్ళేది పుట్ రిక్వెస్ట్, అది ఆ గ్రూపులోని (ఆ జాబ్ పేరు మీదున్న) పాతవన్నీ తుడిచేసి కొత్తవి పెడుతుంది. జాబ్ ఫెయిలైనప్పుడు ఎర్రర్ కౌంట్ ఒక్కటే అలా నెట్టారా, నిన్నటి లాస్ట్ సక్సెస్ కాస్తా ఎగిరిపోతుంది. పుష్‌యాడ్ టు గేట్‌వే వాడండి, అది పోస్ట్, ఒకే పేరున్న వాటినే మారుస్తుంది.

ఎగిరిపోతే ఏమవుతుందో తెలుసా? ఏమీ అవదు. అదే టెన్షన్. లేని మెట్రిక్‌ని టైములోంచి తీసేస్తే ఫలితం ఖాళీ, ఖాళీకి అలర్ట్ మోగదు. వానాకాలం కోనసీమలో కరెంటు పోయి మెషీన్ రీస్టార్ట్ అయిందనుకోండి, పుష్‌గేట్‌వే మామూలుగా అన్నీ మెమరీలోనే పెట్టుకుంటుంది కాబట్టి మొత్తం పోతాయి. అంకెల్ని డిస్కులో దాచే పర్సిస్టెన్స్ ఫైల్ ఫ్లాగ్ ఇచ్చుకోండి, అయినా దాన్నే నమ్ముకోకుండా మెట్రిక్ కనబడకపోతే చెప్పే ఆబ్సెంట్ ఫంక్షన్‌తో రెండో అలర్ట్ పెట్టండి. ఫర్ (మోగేముందు ఆగే సమయం) పది నిమిషాలు చాలు. మెయిల్‌కి పంపకండి, మెయిల్ ఎవడూ చూడడు, ఫోన్ మోగాలి.

సెన్సర్ల వైపు కూడా ఇదే జబ్బు ఇంకో రూపంలో వస్తుంది. చెరువులో ఆక్సిజన్ రాత్రంతా తగ్గుతూ వచ్చి తెల్లారగట్ల బాగా పడిపోతుంది. అలాంటిది రాత్రి పది నుంచి తెల్లవారుజామున నాలుగు దాకా 5.2 దగ్గరే ఉందంటే చెరువు బాగున్నట్టు కాదు, సెన్సర్ బిగుసుకుపోయినట్టు. అంకె ఎన్నిసార్లు మారిందో లెక్కపెట్టే ఛేంజెస్ ఫంక్షన్‌కి రెండు గంటల విండో ఇచ్చి, సున్నా వస్తే అలర్ట్ పెట్టండి.

అభ్యాసం: ఈ రాత్రికి క్రాన్ లైన్ తీసేయండి, రేపు తెల్లవారుజామున నాలుగున్నర లోపు ఫోన్ మోగాలి. క్రాన్ మళ్ళీ పెట్టి, జాబ్‌ని సగంలో చంపి చూడండి, లాస్ట్ సక్సెస్ కదలకూడదు, చెరిగిపోకూడదు కూడా. ఆఖర్న పర్సిస్టెన్స్ ఫ్లాగ్ తీసేసి పుష్‌గేట్‌వేని రీస్టార్ట్ చేయండి, కాసేపటికి ఆబ్సెంట్ అలర్ట్ రావాలి. మూడూ అయినవాళ్ళే కాఫ్కా లాగ్‌కి రండి. ఏదైనా మోగకపోతే రూల్ ఫైలు మొత్తం పంపండి, స్క్రీన్‌షాట్ ముక్కలు వద్దు.