విశాఖలో క్రూయిజ్ ఎక్కే ముందు: డిన్నర్ బట్టల జాగ్రత్తలు

– డిన్నర్‌కి ఓడవాళ్లు చెప్పే ‘క్యాజువల్’ దుస్తులంటే ఆర్కే బీచ్‌కి వేసుకెళ్లే నిక్కరూ హవాయి చెప్పులూ కాదు. అలా వెళ్తే చాలా ఓడల్లో ప్రధాన భోజనశాల గుమ్మం దగ్గరే ఆపేస్తారు. విడిగా డబ్బు కట్టి బుక్ చేసుకున్న టేబులైతే ఆ సొమ్మూ పోవచ్చు. మగవాళ్లకు ఒక ప్యాంటు, కాలర్ చొక్కా, వేళ్లు కప్పే చెప్పులు చాలు.

– మొదటి రాత్రి వేసుకునే బట్టల జత చేతిసంచీలోనే. టెర్మినల్‌లో అప్పగించిన పెట్టె క్యాబిన్‌కి చేరేసరికి డిన్నర్ వేళ దాటిపోవచ్చు.

– ఇస్త్రీపెట్టె వద్దు. నిప్పు భయంతో స్కానింగ్‌లో తీసేసుకుంటారు. నలగని బట్టలే సర్దండి.

– ఫార్మల్ నైట్‌కి, అంటే ముస్తాబై డిన్నర్‌కి వెళ్లే రాత్రికి, కోటు కొనకండి. పట్టుచీర, కుర్తా పైజమా సాధారణంగా చెల్లుతాయి.

– ఒక శాలువా. లోపల ఏసీ గట్టిగా ఉంటుంది.

– బఫేలో నిక్కరు పర్వాలేదు, తడి ఈతబట్టలు మాత్రం కుదరవు.