క్షార యానకంలో నా లెక్క ఎక్కడ తప్పిందంటే

ఇంటర్ ఫస్టియర్‌లో రెడాక్స్ (ఎలక్ట్రాన్లు చేతులు మారే చర్యల) సమీకరణాలు తుల్యం చేయమంటే ఆమ్ల యానకంలో చకచకా వచ్చేసేవి. క్షారం అనగానే చెయ్యి ఆగిపోయేది. ఆక్సిజన్ తక్కువైన వైపు నేరుగా హైడ్రాక్సైడ్ పెట్టేసేవాణ్ణి. దాంతో హైడ్రోజన్ చెడేది, దానికి నీళ్లు కలిపితే మళ్లీ ఆక్సిజన్ చెడేది. ఒక సాయంత్రమంతా పర్మాంగనేట్ (MnO₄⁻) మాంగనీస్ డయాక్సైడ్‌గా (MnO₂) మారే అర్ధ చర్య, అంటే ఎలక్ట్రాన్లు తీసుకునే సగం చర్య దగ్గరే కూర్చున్నాను.

చివరికి, క్షారం సంగతి కాసేపు పక్కన పెట్టి, ఆమ్లంలో ఉన్నట్టే చేశాను. ఎడమవైపు ఆక్సిజన్లు 4, కుడివైపు 2. కాబట్టి కుడివైపు 2 నీటి అణువులు, ఎడమవైపు 4 హైడ్రోజన్ అయాన్లు. ఇప్పుడు ఆవేశం ఎడమన +3, కుడిన సున్నా. ఎడమన 3 ఎలక్ట్రాన్లు చేర్చాను. మాంగనీస్ ఆక్సీకరణ సంఖ్య +7 నుంచి +4కి దిగుతుంది కదా, అదీ మూడే! అక్కడ ప్రాణం లేచొచ్చింది.

తర్వాత రెండు వైపులా 4 హైడ్రాక్సైడ్ అయాన్లు కలిపాను. ఎడమన అవి హైడ్రోజన్ అయాన్లతో కలిసి 4 నీటి అణువులయ్యాయి. కుడివైపున్న రెండింటితో కొట్టేస్తే ఎడమన 2 మిగిలాయి, కుడిన 4 హైడ్రాక్సైడ్లు. ఆవేశం అటూ ఇటూ −4.

నా తప్పల్లా హైడ్రాక్సైడ్‌ను ఒక్కవైపే కలపడం. ఎలక్ట్రాన్లు మాత్రం హైడ్రోజన్ సరిపోయాకే వేయండి, ముందు వేస్తే ఆవేశం మళ్లీ మారిపోతుంది.